జాతరలో సూది: పంచాయతీ చేయదగిన కట్టుబాటు

(పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



మీ సమావేశములలో వీధి దీపములు, మంచినీటి కుళాయిలు, మురుగు కాలువలు, డొంక దారులు ఎల్లప్పుడును చర్చకు వచ్చుచునే యుండును. నేడు మేము మీ ముందుంచ దలచిన విషయము మిక్కిలి చిన్నదిగా తోచవచ్చును. అది ఒక సూదిని గూర్చినది. సంతలోను జాతరలోను పచ్చబొట్టు పొడుచు సూది. చెవులు, ముక్కులు కుట్టు సూది. ఆ సూది ఇంతకు ముందు ఎవరి ఒంటిలో దిగినది, ఇక ఎవరి ఒంటిలో దిగనున్నది అని అడుగు హక్కు పంచాయతీకి కలదనియు, అడుగవలసిన అవసరము కూడ వచ్చినదనియు విన్నవించుటకే వచ్చితిమి.

పచ్చబొట్టును ఎగతాళి చేయుటకు గాని, చెవులు కుట్టించుట మానుడని చెప్పుటకు గాని మేము రాలేదు. ఈ రెండును మన ఇండ్లలో తరతరములుగా నున్నవి. మన అవ్వల ముంజేతుల మీద చుక్కలు, తేళ్లు, తులసికోటలు, కట్టుకొన్నవాని పేరు మనమందరము చూచినవే. నగలన్నియు ఇచ్చటనే ఉండిపోవును, పచ్చబొట్టు ఒక్కటే వెంట వచ్చునని వారు చెప్పుకొనెడివారు. ఎరుకల స్త్రీలు సోది చెప్పుటతో పాటు ఈ పనిని కూడ తమ విద్యగా నిలుపుకొన్నారు. ఆదిలాబాదు గోండు గూడెములలో పచ్చబొట్టు లేని వృద్ధురాలు అరుదు. ఇక చెవులు కుట్టుట సంస్కారములలో ఒకటి. బిడ్డను మేనమామ ఒడిలో కూర్చుండబెట్టి కంసాలి చేత బంగారు తీగతో కుట్టించుట నేటికిని జరుగుచున్నది.

మారినది గిరాకి. పూర్వము పచ్చబొట్టు పొడుచు స్త్రీ ఊరికి ఎప్పుడో ఒకమారు వచ్చెడిది, ఒక ఇంటి అరుగు మీద కూర్చుండెడిది. నేడు జాతరలో ఒక బల్ల, ఒక గొడుగు, బ్యాటరీతో నడచు యంత్రము, బొమ్మల పటము పెట్టుకొని కూర్చున్నవాని ముందు కుర్రవాండ్రు వరుస కట్టుచున్నారు. ఒకని చేయి ముగియగానే మరియొకడు చేయి చాచును. నడుమ సూదిని ఒక గుడ్డతో తుడుచుట తప్ప వేరేమియు జరుగుట లేదు.

ఒక సంతలో పచ్చబొట్లు పొడుచు ముదుసలి తల్లితో మేము మాటాడితిమి. సూదుల మాట అడుగగా ఆమె ఇట్లన్నది: “ఎవరింటికి పోతే ఆ ఇంటి సూదులే అడిగి తీసుకునేదయ్యా మా అమ్మ. పనయినాక వాళ్ల సూది వాళ్లకే ఇచ్చి వచ్చేది. ఈ జనంలో ఎవర్ని అడుగుతాం నాయనా, ఏది ఎవరి సూదని గుర్తు పెట్టుకుంటాం?” ఆ తల్లి చదువుకొన్నది కాదు. అయినను ఆరోగ్యశాఖ వారు పుస్తకములలో వ్రాయు మొదటి నియమమును ఆమె మాకు చెప్పినది. ఎవరి సూది వారిదే.

ఆ నియమము ఏల అవసరమో కొంచెము వివరింపవలసి యున్నది. పచ్చబొట్టు సూది పై చర్మమును దాటి, ఒకటి రెండు మిల్లీమీటర్ల లోతున నున్న రెండవ పొరలో రంగును నిలుపును. పై పొర నిత్యము రాలిపోవునది, లోపొర రాలదు. అందుచేతనే పచ్చబొట్టు చెరగదు. ఆ రెండవ పొరలో సన్నని రక్తనాళములు కలవు. యంత్రమునకు బిగించిన సూది నిమిషమునకు వందల సార్లు అందులోనికి దిగి పైకి వచ్చును. కంటికి నెత్తురు కనబడకపోయినను సూదికి అంటి యుండును. ఆ సూదియే మరియొకని చేతిలో దిగినచో మొదటివాని నెత్తురు రెండవవానికి ఎక్కించినట్లే.

నెత్తురు ద్వారా వచ్చు జబ్బులనగానే అందరికిని ఎయిడ్స్ జ్ఞప్తికి వచ్చును. ఆ భయము ఉండదగినదే. కాని అంతకంటె సులువుగా అంటునది హెపటైటిస్ బి, అనగా కాలేయమును పట్టు ఒక విధమైన పచ్చకామెర్ల వ్యాధి. దాని వైరస్ ఒంటి వెలుపల, ఎండిపోయిన నెత్తుటి మరకలో కూడ కనీసము 7 దినములు బ్రతికి యుండగలదు. సోమవారము ఒక ఊరి సంతలో వాడిన సూది శుక్రవారము మరియొక ఊరి సంతలో జబ్బును అంటింపగలదని దీని అర్థము. హెపటైటిస్ సి అను మరియొకటి కలదు. దానికి నేటి వరకు టీకా లేదు. ఇవి గాక శుభ్రము లేని గాయమున ప్రవేశించు ధనుర్వాతము ఉండనే యున్నది.

సభ్యులారా, ఇచ్చట ఒక చిక్కు కలదు. దానిని మీరు ప్రత్యేకముగా గమనింపవలెను. కుళాయి నీరు చెడినచో రెండు దినములలో వాంతులు, విరేచనములు వచ్చును. ఊరంతయు పంచాయతీ కచేరి ముందు నిలుచును. సూది చెడినచో ఎవరును రారు. హెపటైటిస్ బి బయటపడుటకు ఒక నెల మొదలు ఆరు నెలలు పట్టవచ్చును. హెపటైటిస్ సి పెక్కుమందిలో ఏండ్ల తరబడి ఏ లక్షణమును చూపక, కాలేయము గట్టిపడిన పిమ్మట బయటపడును. అప్పటికి ఆ మనిషికి జాతర జ్ఞప్తికి రాదు. వైద్యుడు అడుగడు, అడిగినను ఇతడు చెప్పడు. కావున మా ఊరిలో ఇట్టి ఫిర్యాదు ఎన్నడును రాలేదని ఏ సర్పంచిగారైనను చెప్పినచో అది నిజమే కావచ్చును. అపాయము లేదనుటకు మాత్రము అది సాక్ష్యము కాదు.

శుభ్రము చేయుచునే యున్నామని పనివారు చెప్పుదురు. వారు అబద్ధమాడుట లేదు. తమకు తెలిసిన శుభ్రమును చేయుచున్నారు. దీపపు మంటలో సూదిని ఒకమారు చూపుట, మందు వాసన వచ్చు నీటిలో ముంచుట, వేడినీటిలో కడుగుట, ఇవి తెలిసిన పద్ధతులు. వీనిలో ఏదియు చాలదు. మరుగునీటిలో పెక్కు క్రిములు చచ్చును గాని ధనుర్వాతపు క్రిమి బీజరూపమున ఆ వేడిని తట్టుకొనగలదు. దానిని చంపుటకు ఒత్తిడితో కూడిన ఆవిరి, 121 డిగ్రీల సెంటీగ్రేడు వేడి, 15 నుండి 20 నిమిషములైనను కావలెను. ఆసుపత్రులలో ఆటోక్లేవు అను యంత్రము ఈ పనియే చేయును. జాతర గొడుగు క్రింద అది సాధ్యము కాదు. కావున సీలు వేసిన పొట్లములో వచ్చు సూదిని పొడిపించుకొనువాని కన్నుల ఎదుట విప్పి, ఒక్కరికే వాడి పారవేయుట తప్ప వేరు మార్గము లేదు. పచ్చబొట్టు కూలిలో ఆ సూది వెల చిన్న భాగమే.

సూది మార్చినంత మాత్రమున సరిపోదు. రంగు గిన్నె సంగతి చూడుడు. సూదిని గిన్నెలో ముంచుట, చేతిలో పొడుచుట, మరల ముంచుట జరుగును. మొదటివాని నెత్తురు ఆ రంగులో కలియును. రెండవవానికి క్రొత్త సూది తెచ్చి అదే గిన్నెలో ముంచినచో క్రొత్త సూది కొన్న డబ్బు వృథా. సీసాలోని రంగును బొట్లు బొట్లుగా చిన్న మూతలో పోసికొని, పని కాగానే మిగిలినది పారబోయవలెను. సీసాలోనికి తిరిగి పోయరాదు. తుడుచు గుడ్డ విషయము కూడ ఇంతే. ఒకరికి వాడిన గుడ్డ మరియొకరికి తగులరాదు. పంచాయతీ తరపున తనిఖీకి వెళ్లువారు సూదిని మాత్రమే చూచి రాక, గిన్నెను, గుడ్డను తప్పక చూడవలెను.

చెవులు కుట్టుటలో తమ్మెకు కుట్టుట వేరు, పై అంచున గట్టిగా నుండు భాగమునకు కుట్టుట వేరు. తమ్మెలో నెత్తుటి ప్రసారము బాగుగా నుండును. పుండు సాధారణముగా ఆరు వారములలో మానును. పై భాగము మృదులాస్థి. అచ్చట నెత్తురు తక్కువ, చీము పట్టినచో మందు చేరుట కష్టము, చెవి ముడుచుకొని రూపు చెడవచ్చును. అమెరికాలోని ఆరిగాన్ రాష్ట్రమున 2000 సంవత్సరములో ఒక చిన్న అంగడిలో చెవి పై భాగమునకు కుట్టించుకొన్న వారిలో 7 గురికి ఇట్టి చీము వ్యాధి నిర్ధారణ యైనది. మరి 18 మందికి వచ్చినదని అనుమానించిరి. విచారింపగా శుభ్రపరచుటకు వాడిన మందు సీసాయే క్రిములకు నిలయమై యుండెను! ఫ్యాన్సీ అంగళ్లలో ‘గన్ను’తో చెవులు కుట్టుచున్నారు. ప్లాస్టికు భాగములు గల గన్నును ఆవిరి వేడిలో పెట్టుటకు వీలుపడదు. దానిని చెవి పై భాగమునకు గాని, ముక్కునకు గాని వాడనీయరాదు. పసిబిడ్డల విషయమున 14 వారముల టీకాలు పూర్తియైన పిదప కుట్టించుట మేలు. ధనుర్వాతమునకు, హెపటైటిస్ బి వ్యాధికి కావలసిన రక్షణ ఆ టీకాలలోనే యున్నది. ముహూర్తమును నాలుగవ నెలకు తరువాత పెట్టించుకొనుటకు ఏ పురోహితుడును అడ్డు చెప్పడని మా నమ్మకము.

ఇంత అపాయమున్నప్పుడు మొత్తముగా నిషేధింపరాదా యని కొందరు సభ్యులు అడుగుదురు. ఈ ప్రశ్నకు న్యూయార్కు నగరము సమాధానము చెప్పగలదు. హెపటైటిస్ భయముతో ఆ నగరపు ఆరోగ్య మండలి 1961లో పచ్చబొట్టు వ్యాపారమును నిషేధించినది. నిషేధము 1997 వరకు అమలులో నుండెను. ఆ 36 సంవత్సరములును పచ్చబొట్లు ఆగినవా? ఆగలేదు. నేలమాళిగలలో, మూసిన తలుపుల వెనుక సాగినవి. ఏ అధికారియు చూడలేదు, ఏ తనిఖీయు జరుగలేదు. 1997లో నిషేధమును తొలగించి, పనివారు అంటువ్యాధుల నివారణలో శిక్షణ పొంది లైసెన్సు తీసికొనవలెనని కట్టడి చేసిరి. ఇంగ్లండులో 1982 నాటి చట్టము ప్రకారము పచ్చబొట్టు, చెవులు కుట్టు అంగళ్లను నమోదు చేయుటకు, శుభ్రతకు ఉపవిధులు చేయుటకు స్థానిక సంస్థలకే అధికారమిచ్చిరి. అచ్చట 18 ఏండ్లు నిండనివారికి పచ్చబొట్టు పొడుచుట 1969 నుండియు నేరము. అంత పెద్ద దేశములు సైతము ఈ పనిని రాజధానిలో గాక స్థానిక సంస్థల చేతిలో పెట్టినవి. అంగడి ఎచ్చట వెలిసినదో ముందుగా తెలియునది వారికే గదా.

మనకును ఆధారము లేకపోలేదు. రాజ్యాంగపు 73వ సవరణతో వచ్చిన పదునొకండవ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములు కలవు. అందు 22వది సంతలు, జాతరలు. 23వది ఆరోగ్యము, పారిశుద్ధ్యము. జాతరలోని సూది ఆ రెండింటి నడుమ నున్నది. ఆంధ్రప్రదేశములో 1994 నాటి పంచాయతీరాజ్ చట్టము, తెలంగాణములో 2018 నాటి చట్టము వర్తించును. వాని క్రింద తీర్మానము ఏ రూపమున నుండవలెనో, ఉపవిధికి ఎవరి ఆమోదము కావలెనో పంచాయతీ కార్యదర్శి ద్వారా జిల్లా పంచాయతీ అధికారిని అడిగి తెలిసికొనుడు.

అంత దూరము పోకముందే మీ చేతిలో ఒక మంచి పనిముట్టు కలదు. అది సంత పాట. తైబజారు, ఆశీలు వేలము వేయునప్పుడు షరతులు చదివి వినిపింతురు గదా; ఆ షరతులలో ఒకటి చేర్చుడు. పచ్చబొట్టు, చెవులు కుట్టు పనివారికి స్థలము ఇచ్చునప్పుడు వారి పేరు, ఊరు పంచాయతీ పుస్తకములో వ్రాయింపవలెను. సీలు వేసిన సూదులు ఎన్ని తెచ్చినారో చూపవలెను. వాడినవి అన్నియు లెక్కకు రావలెను. వాడిన సూదులు చెత్తకుప్పలో పడరాదు. అవి పారిశుద్ధ్య కార్మికుని అరికాలిలో గ్రుచ్చుకొనును. ఆ నెత్తుటి అపాయము అతనికి సంక్రమించును. సూది చొచ్చుకొని రాని గట్టి ప్లాస్టికు డబ్బాలో వేయించి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యాధికారితో ముందే మాటాడి అచ్చటికి చేర్పింపవలెను. 18 ఏండ్లు నిండనివారికి పచ్చబొట్టు వేయరాదు. త్రాగియున్నవానికి వేయరాదు. ఈ రెండు మాటలు మాత్రము అంగడి ముందు పెద్ద అక్షరములతో వ్రాయింపుడు. తక్కిన వానిని పనివారికి చెప్పిన చాలును.

పంచాయతీ కూడ కొంత ఇవ్వవలెను. చేతులు కడుగుకొనుటకు నీరు లేని చోట స్థలమిచ్చి, చేతులు కడుగలేదని జరిమానా వేయుట న్యాయము కాదు. కుళాయికి దగ్గరగా, వెలుతురు గల చోటు ఇండు. తొలి ఏడాది రుసుము ఏమియు పుచ్చుకొనకపోయినను ఖజానాకు వచ్చు లోటు లేదు. ఎరుకల స్త్రీలు, ఊరూర తిరిగి పొట్ట పోసికొనువారు కాగితము చూడగానే బెదరి ఊరి వెలుపలి చెట్టు క్రిందికి పోవుదురు. అప్పుడు న్యూయార్కు కథయే మన ఊరిలోను జరుగును. వారికి ఈ కట్టుబాటు మేలు చేయునదని నచ్చజెప్పుడు. అది ఒట్టి మాట కాదు. దినమునకు పదిమంది నెత్తురు తాకునది వారి చేతులే. పొరపాటున సూది గ్రుచ్చుకొనునది వారి వ్రేళ్లకే. హెపటైటిస్ బి టీకా మూడు మోతాదులు, సున్న, ఒకటి, ఆరు నెలల వంతున వేయించుకొన్నచో వారికి రక్షణ కలుగును. ఆరోగ్య కేంద్రపు ఎ.ఎన్.ఎం., ఆశా కార్యకర్త పంచాయతీ తరపున ముందుగా వెళ్లి మాటాడినచో పని సులభమగును. పోలీసు జవానును ముందు పంపినచో చెడును.

యువకులతో మాటాడునప్పుడు మాత్రము కామెర్ల భయము అంతగా పనిచేయదు. వారికి మరియొక మాట చెప్పుడు. భారత సైన్యములో చేరదలచినవానికి శాశ్వతమైన పచ్చబొట్టు ముంజేతి లోపలి వైపున, అరచేతి వెనుక భాగమున తప్ప ఒంటి మీద మరెచ్చటను ఉండరాదని నియమము కలదు. గిరిజనుల ఆచారము ప్రకారము వేయించుకొన్న వానికి వేరుగా సడలింపు కలదు. జాతరలో భుజము మీద వేయించుకొన్న సింహము బొమ్మ ఏండ్ల సాధనను వైద్య పరీక్షలో నిలిపివేయవచ్చును. లేజరుతో తొలగించుటకు పలుమార్లు తిరుగవలెను, ఖర్చు హెచ్చు, గుర్తు పూర్తిగా పోవునను హామీ లేదు. సున్నము, ఆసిడ్ పూసి కాల్చుకొన్నచో పచ్చబొట్టునకు తోడు మచ్చ మిగులును. రక్తదానము చేయువారు కూడ గమనింపవలెను: పచ్చబొట్టు గాని, చెవి ముక్కు కుట్టు గాని అయిన తరువాత ఒక ఏడాది రక్తము స్వీకరింపరు.

ఇదివరకే సంతలో పొడిపించుకొన్నవారు మీ ఊరిలో ఎందరో యుందురు. వారిని భయపెట్టకుడు. ఒక రక్తపరీక్షతో సందేహము తీరును. జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమము 2018 జూలైలో ఆరంభమైనది. దాని క్రింద పరీక్షలు, మందులు ఉచితము. హెపటైటిస్ సి నేడు సాధారణముగా 12 వారముల మాత్రలతో నయమగు జబ్బు. ఈ సంగతి తెలియక కాలేయము చెడిపోవు వరకు ఆగువారే ఎక్కువ. కన్నులు పచ్చబడి, మూత్రము ముదురు రంగు తిరిగి, అన్నము సయింపని వానిని పసరు పోయించుటకు గాక మొదట ఆరోగ్య కేంద్రమునకు పంపుడు. ఊరిలో పెద్దల మాట విను అలవాటు ఇంకను పోలేదు.

దేవస్థానపు స్థలములో జరుగు జాతరలలో అంగళ్లకు చోటు ఇచ్చునది పంచాయతీ కాక దేవాదాయ శాఖ కార్యనిర్వహణాధికారి కావచ్చును. అట్టి చోట పంచాయతీ తీర్మానపు నకలును, షరతుల పాఠమును ఆయనకు పంపి, అంగళ్ల వేలము ప్రకటనలోనే వానిని చేర్పవలసినదిగా కోరుడు. ప్రకటన వెలువడిన పిమ్మట షరతు చేర్చుట కష్టము. కావున జాతరకు రెండు నెలల ముందు జరుగు సమావేశపు అజెండాలోనే ఈ అంశమును వ్రాయింపుడు. సంత పనివారు ఒక ఊరి నుండి మరియొక ఊరికి పోవుదురు గనుక, వారము వారము సంత జరుగు పొరుగు పంచాయతీలకును అదే నకలు పంపుడు.